గీసిన చెయ్యి ఆగాక

చార్లెస్ షుల్జ్ గీసిన 'పీనట్స్' సంపుటాలను వరసగా తిరగేసినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. 1960ల నాటి చార్లీ బ్రౌన్ తల ఒక్క ఊపులో చుట్టిన సున్న. 1980లు దాటేసరికి ఆ సున్న అంచు వణుకుతుంది. స్నూపీ వీపు, లూసీ గౌను, నేల మీది గడ్డిపరకలు, అన్నీ సన్నగా అదురుతూ కనబడతాయి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు కాలిబాట మీద పరిచే పాతపుస్తకాల్లో దొరికిన ఒక సంపుటంలో మొదటిసారి ఈ వణుకు చూసి, అచ్చు సరిగా పడని ప్రతిని అంటగట్టాడనుకుని ఆ పుస్తకాలతన్ని మనసులో తిట్టుకున్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. 1981లో షుల్జ్ గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆయన చేతికి వణుకు పట్టుకుంది. నేను అచ్చుదోషం అనుకున్నది అదీ.

మా తాతగారి చివరి ఉత్తరాల్లో 'క్షేమం' అన్న మాట ఇలాగే ఉండేది. అందుకే కాబోలు, ఆ సంపుటం మీద నాకు కాస్త ఎక్కువ మమకారం.

'పీనట్స్' 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో మొదలైంది. ఆ పేరు షుల్జ్ పెట్టుకున్నది కాదు. అంతకు ముందు సెయింట్ పాల్ నగరపు పత్రికలో ఆయన 'లిల్ ఫోక్స్' పేరుతో బొమ్మలు వేసేవారు. స్ట్రిప్పులను పత్రికలకు పంపిణీ చేసే సిండికేటువారు దానికి ఈ వేరుశనగకాయల పేరు తగిలించారు. జీవితాంతం ఆయనకు ఆ పేరంటే ఒళ్ళుమంటే. రూపం కూడా ఆయన ఎంచుకున్నది కాదు. సంపాదకుడు తన పేజీలో ఖాళీని బట్టి అడ్డంగానో, నిలువుగానో, చదరంగానో పేర్చుకోవడానికి వీలుగా నాలుగు సమానమైన గళ్ళు ఉండాలన్నది వ్యాపార నియమం. 1988 దాకా ఆయన ఆ నాలుగు గళ్ళలోనే సర్దుకున్నారు. పేరు తనది కాదు, చట్రం తనది కాదు, హక్కులూ సిండికేటువే. తనదంటూ మిగిలింది గీత. దాన్ని మాత్రం ఆయన ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఆలోచన, పెన్సిలు, సిరా, బుడగల్లోని అక్షరాలు, అన్నీ తానే. అలా 17,897 స్ట్రిప్పులు. తన 75వ పుట్టినరోజు సందర్భంగా 1997లో తీసుకున్న ఐదు వారాల సెలవు ఒక్కటే ఆయన ఎరిగిన విరామం.

చెయ్యి వణుకుతున్నప్పుడు పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టుకుని సిరా గీతలు వేయించుకుంటే అడిగేవారెవరు? ఆ రంగంలో అది మామూలే. ఆయన ఒప్పుకోలేదు. 1999 చివర పెద్దపేగు కాన్సరు బయటపడింది. డిసెంబరు 14న విరమణ ప్రకటించారు. తన తరువాత కొత్త స్ట్రిప్పులు ఎవరూ గీయకూడదన్నది ఆయన కోరిక, కుటుంబం కోరిక కూడా. 2000 ఫిబ్రవరి 12 రాత్రి ఆయన కన్నుమూశారు. తెల్లవారి ఆదివారం పత్రికల్లో ఆయన చివరి స్ట్రిప్పు వచ్చింది. అటువంటి యాదృచ్ఛికాన్ని కథలో రాస్తే అతి చేశావంటారు.

ఇది గొప్ప నిర్ణయమని నేనంటే, ఇంతింత చాదస్తం పనికిరాదని అనేవారున్నారు. వారి వాదమూ తీసిపారేయదగ్గది కాదు. పాత్ర పాఠకులది, కార్టూనిస్టు పోయినంత మాత్రాన పాత్ర ఎందుకు పోవాలి అంటారు వారు. 'పొపాయ్'ని సృష్టించిన సెగార్ 1938లోనే పోయారు, పొపాయ్ పోలేదు. చిక్ యంగ్ 1930లో మొదలుపెట్టిన 'బ్లాండీ'ని 1973లో ఆయన మరణానంతరం కొడుకు డీన్ యంగ్ అందుకున్నారు. మన ఇంగ్లీషు దినపత్రికల్లో కూడా ఏళ్ళ తరబడి నవ్వించిన 'డెనిస్ ద మెనస్' సృష్టికర్త హాంక్ కెచమ్ 2001లో మరణించారు. డెనిస్ అల్లరిని అప్పటికే సహాయకులు నడుపుతున్నారు. 'గార్ఫీల్డ్' సంగతి చెప్పనే అక్కర్లేదు. జిమ్ డేవిస్ దాన్ని ఒక కార్ఖానాలా నడిపి, 2019లో హక్కులను పెద్ద సంస్థకు అమ్మేశారు. దాచుకోకుండా చేశారు కనుక ఆయన మీద నాకేమీ కోపం లేదు.

అయినా నాకు సమాధానం కుదరదు. ఎందుకో చెప్పడానికి మన ఇంటి ఉదాహరణ ఒకటి తెచ్చుకుంటాను. ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు' స్ట్రిప్పు కాదు, బొమ్మలున్న వచనం. అయినా బుడుగు అనగానే ముందు కళ్ళకు కట్టేది బాపు గారి గీతే. ఇంకొకరు గీసిన బుడుగును ఒక్క క్షణం ఊహించండి. పిలక ఉంటుంది, లాగు ఉంటుంది, పొగరూ ఉంటుంది. బుడుగు మాత్రం ఉండడు. బాపు గారు 2014లో వెళ్ళిపోయారు. ఆయన దస్తూరిని పోలిన ఫాంటులో ఇవాళ పెళ్ళి శుభలేఖలు అచ్చవుతున్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఒక శుభలేఖలో 'శ్రీ' పదిసార్లు వస్తే పదిసార్లూ అచ్చం ఒకే 'శ్రీ'. ఆయన చేత్తో రాసి ఉంటే పది రకాల శ్రీలు పడేవి. నేను పట్టుకుని వేలాడుతున్నది ఆ తేడానే.

బిల్ వాటర్సన్ ఇదే పట్టుదలను ఇంకా ముందుకు తీసుకుపోయారు. 'కాల్విన్ అండ్ హాబ్స్' 1985 నవంబరు 18న మొదలై 1995 డిసెంబరు 31న ఆగింది. అప్పటికి ఆయన వయసు 37. చెయ్యి చక్కగా ఆడుతుండగానే, దాదాపు 2,400 పత్రికలు వేసుకుంటూ ఉండగానే కలం పెట్టేశారు. బొమ్మలు, కప్పులు, చొక్కాలు అమ్ముకుందామన్న సిండికేటుతో ఏళ్ళకేళ్ళు పోరాడి, 1991లో కొత్త ఒప్పందంతో తన మాట నెగ్గించుకున్నారు. హాబ్స్ బొమ్మపులిని అంగట్లో పెడితే, ఆ పులి ప్రాణమున్నదా లేనిదా అన్న రహస్యం అంగట్లోనే తేలిపోతుంది. ఆ స్ట్రిప్పు నిలబడింది ఆ రహస్యం మీదే. అమెరికాలో ఉన్న మిత్రులు కార్ల వెనక అద్దాల మీద మూత్రం పోస్తున్న కాల్విన్ బొమ్మను చూసే ఉంటారు. అది దొంగసరుకు. ఆయన దాని మీద ఒక్క పైసా తీసుకోలేదు.

షుల్జ్ అలా కాదు. స్నూపీని కప్పుల మీదికి, టీవీలోకి పంపారు. 1985 నుంచి 2016 దాకా స్నూపీ మెట్‌లైఫ్ వారి బీమా పాలసీలు అమ్మిపెట్టింది. ఒకప్పుడు ఈ కారణంగానే వాటర్సన్‌ను పైమెట్టు మీద, షుల్జ్‌ను ఒక మెట్టు కింద కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా అనలేను. బొమ్మను అమ్ముకున్నా, బొమ్మ వేసే పనిని అమ్ముకోలేదాయన. వణికే చేత్తో రోజూ బల్ల దగ్గర కూర్చోవడం, అద్భుతంగా ఆడుతున్న చేత్తో లేచిపోవడం కన్నా తేలికేమీ కాదు.

నా వాదానికి రెండు చోట్ల చిల్లులున్నాయని ఒప్పుకోవాలి. మొదటిది 'నాన్సీ'. ఎర్నీ బుష్‌మిల్లర్ 1982లో పోయాక చేతులు మారుతూ వచ్చిన ఆ స్ట్రిప్పును 2018లో ఒలీవియా జేమ్స్ అన్న మారుపేరుతో ఒకరు చేపట్టారు. పాత నాన్సీని అనుకరించకుండా, చేతికి సెల్‌ఫోను ఇచ్చి, ఇవాళ్టి పిల్లను చేశారు. నేను గొణుగుతూనే చదివాను, నవ్వాను కూడా.

రెండో చిల్లు ఇంకా పెద్దది. షుల్జ్ పోయాక కొత్త 'పీనట్స్' రాలేదు కానీ, పాతవాటినే పత్రికలు మళ్ళీ మళ్ళీ వేస్తూ వచ్చాయి. పత్రికలో స్ట్రిప్పులకిచ్చే చోటు పెరిగేది కాదు, ఏటేటా తరిగేది. పాతది కదలకపోతే కొత్తవాడికి గడి ఖాళీ కాదు. 1950లో 27 ఏళ్ళ షుల్జ్‌కు ఏడుగురు సంపాదకులు చోటిచ్చారు గనకనే ఇవాళ మనం ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ గళ్ళ కోసం తిరుగుతున్న ఏ 27 ఏళ్ళ కుర్రవాడో, అమ్మాయో వచ్చి నన్ను నిలదీస్తే ఏం చెప్పాలో తోచదు. రోజూ పొద్దున్న కాఫీతోపాటు ఆ పాత స్ట్రిప్పునే వెతుక్కునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.