లెక్కల పంతులూ నేర్చుకోవాలి

కొత్తచోట పాఠం చెప్పేవాడు ముందు తాను విద్యార్థి కావాలి. అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం పోరాడిన రాబర్ట్ మోజెస్ లెక్కల మాస్టారు. వియత్నాం యుద్ధానికి పిలుపు వస్తే వెళ్లక దేశం విడిచారు. 1969 నుంచి 1976 వరకు ఆఫ్రికాలోని టాంజానియాలో పిల్లలకు లెక్కలు చెప్పారు.

స్వదేశం తిరిగి వచ్చాక, 1982లో కుమార్తె చదివే బడిలోనే బీజగణితం చెప్పబూనారు. రుణసంఖ్యల దగ్గర పిల్లలు తడబడ్డారు. వారికి తెలివి లేదని ఆయన వదిలేయలేదు, కారణం వెదికారు. 'ఎంత?' అన్న ప్రశ్నే వారి మనసులో ఉంది, 'ఎటు?' అన్నది లేదు. పిల్లలను బోస్టన్ భూగర్భ రైలు ఎక్కించారు. ఒక స్టేషన్ సున్న అనుకుంటే, అటు మూడు స్టేషన్లు ధనం, ఇటు మూడు రుణం. చూసింది బొమ్మ గీయించి, సొంత మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే గుర్తులు నేర్పారు. బీజగణితం కూడా ఓటు వంటి హక్కేనని 2021లో కన్నుమూసేదాకా వాదించారు.

మన బి.ఇడి. ఛాత్రోపాధ్యాయులు బడిలో 20 వారాలు గడపాలని 2014 నిబంధనలు చెప్పాయి. ఆ వారాలు రికార్డులు నింపడానికే సరిపోతే పల్లె పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఊరి బస్సు ఆగే స్టేజీలతోనూ రుణసంఖ్యలు చెప్పవచ్చు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి కసరకుండా 'ఎలా చేశావు?' అని అడగడం ముఖ్యం. శిక్షణ కళాశాలలు, ప్రధానోపాధ్యాయులు ఈ విషయంపై శ్రద్ధ వహించాలి. లెక్కలకు భయపడి ఒక పిల్లవాడు బడి మానితే ఆ నష్టం ఊరంతటిదీ.