రోగం రిపోర్టు శీలం సర్టిఫికెట్ కాదు

మన ఊళ్ళల్ల ఆడదాని ఒంట్లో ఆ చోటు పేరు తిట్టుగానే వినిపిస్తది. దొర తిట్టినా అదే మాట, మొగుడు తిట్టినా అదే మాట. అక్కడ నొప్పి లేస్తే చెప్పుకోవడానికి మాత్రం పేరు లేదు. డాక్టర్లు వల్వా అంటరు. మూత్రం పోసే చోటు చుట్టూ బయటికి కనిపించే పెదవులు, చర్మం. దానికీ క్యాన్సర్ వస్తుంది. గర్భసంచి మూతి క్యాన్సర్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువ మందికే. తక్కువ కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. వచ్చేసరికి గజ్జల్లో గడ్డలు కట్టి ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాకా రోడ్డుకి రెండు దిక్కులా కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆసుపత్రుల బోర్డులు. నల్లగొండ, పాలమూరు నుండి బతకొచ్చిన మనోళ్ళు ఆ బోర్డుల వెనక గల్లీల్లో ఉంటున్నారు. తెల్లారకముందే రోడ్లు ఊడుస్తారు, అపార్టుమెంట్లలో అంట్లు తోముతారు. మాకు తెలిసిన ఒక అక్క రెండేండ్లు దురదకు మందుల షాపు ట్యూబులే రాసుకుంది. పుండు మానకపోతే మేమే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తోలుకపోయినం. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అని, దాని వెనక హెచ్‌పీవీ ఉందని తేలింది. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "నీకు ఎంతమందితో సంబంధాలున్నయ్?" పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. ఆ అక్క నాలుగు నెలలు మళ్ళీ ఏ ఆసుపత్రి మెట్లెక్కలేదు. క్యాన్సర్‌కు నాలుగు నెలలంటే ఏందో చదువుకున్న ఆ డాక్టరమ్మకు తెలియదా? వాడ నుండి వచ్చిన ఆడదంటే ఇంతే అనే చూపు అది. అపార్టుమెంటు అమ్మగారిని కొడుకు ముందు అట్లా అడుగుతుందా?

అసలు హెచ్‌పీవీ ఏంది? హ్యూమన్ పాపిల్లోమా వైరస్. ఒక్కటి కాదు, వంద రకాల పైనే ఉన్నాయి. కలయికలో చర్మం నుండి చర్మానికి అంటుతుంది. కాపురం చేసే ఆడా మగా అందరిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకునేదే. ఒకే మొగుడితో బతికినా అంటుతుంది. చాలామందికి ఏడాది రెండేండ్లలో ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది. కొందరిలో ఏండ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ముఖ్యంగా 16వ రకం. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుండి వచ్చిందని ఏ పరీక్షా చెప్పదు. మరి ఆ ప్రశ్న ఎవరి కోసం?

ఇంకో సంగతి. వల్వా క్యాన్సర్ అంతా హెచ్‌పీవీ వల్ల రాదు. రెండు దారులున్నాయి. ఒకటి వైరస్ వల్ల వచ్చేది, ఎక్కువగా కాస్త తక్కువ వయసు ఆడవాళ్ళలో. రెండోది వైరస్‌తో సంబంధం లేనిది, ఎక్కువగా ముసలితనంలో. చర్మం తెల్లబడి, పల్చబడి, ఏండ్ల కొద్దీ దురద పెట్టే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు నుండి ఇది తరచుగా పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ రెంటినీ వేరువేరు జబ్బులుగా లెక్కగట్టింది. తీసిన ముక్క మీద పీ16 అనే రంగు పరీక్ష చేస్తే ఏ దారి నుండి వచ్చిందో చాలావరకు తెలుస్తుంది. వైరస్ వల్ల వచ్చినది మామూలుగా వైద్యానికి బాగా లొంగుతుంది. అయితే గర్భసంచి మూతిని కూడా చూడాలె, అదే వైరస్ అక్కడా ఉండొచ్చు. హెచ్‌పీవీ పేరు రిపోర్టులోకి రావలసింది ఇందుకు. ఒక్కటి మాత్రం యాదుంచుకోవాలె. వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు, క్యాన్సర్ అని తేల్చేది ముక్క పరీక్షే.

ఈ వైరస్ పేరు మన పిల్లలకు కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుండి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. అందులో హాస్టళ్ళలో చదివే ఆదివాసీ పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. చనిపోయిన పిల్లల చావులకు టీకా కారణం కాదన్నట్టే విచారణ సంఘం తేల్చింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 మీద వేలిముద్రలు. కన్నతల్లిని అడిగే తీరిక లేదా? మేము పంతుళ్ళం, సంతకం అంటే ఏందో మాకు తెలుసు. పిల్ల ఒళ్ళు వార్డెన్ సొత్తు కాదు.

దీన్ని పట్టుకుని టీకా వద్దనే వాళ్ళతో మేము ఏకీభవించం. ఆ టీకా గర్భసంచి మూతి క్యాన్సర్‌నే కాదు, వల్వా క్యాన్సర్‌లో వైరస్ వల్ల వచ్చేదాన్ని కూడా అడ్డుకుంటుంది. ఇప్పుడు మన దేశంలో తయారైనది కూడా ఉంది. పైసలున్నోళ్ళు తమ పిల్లలకు డాక్టరుతో మాట్లాడుకుని వేయించుకుంటున్నారు. మన పిల్లలకూ కావాలె, తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకున్నాక.

సంఘం పని చేసే అన్నలకు, అక్కలకు ఒక మాట. నెల దాటినా తగ్గని దురద, మానని పుండు, గడ్డ, తెల్లబడిన లేదా నల్లబడిన మచ్చ ఉంటే ట్యూబులు మాన్పించి డాక్టరుకు చూపించండి. ముక్క తీయాలా అని అడగండి. పెద్దాసుపత్రి దూరమని భయపడొద్దు. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కితే రైలు మారకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు, రెడ్‌హిల్స్‌లోని సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే అక్కడికి దగ్గరే. వెంట ఆడమనిషే పోవాలె. డాక్టరు గదిలోకి పోయేటప్పుడు కొడుకునీ, మొగుణ్ణీ బయట కూచోబెట్టాలె. రిపోర్టు కాపీ అడిగి తెచ్చుకోవాలె.