జమా ఖర్చు: నమ్మకం కూడా వాయిదాల మీదే

ఈ శీర్షికలో నేను మామూలుగా రాసేది డబ్బు సంగతులు. నామినేషన్ వెయ్యకపోతే వచ్చే చిక్కులూ, జాయింటు ఖాతాల మంచిచెడ్డలూ, హామీ సంతకం పెట్టేముందు చూసుకోవలసిన జాగ్రత్తలూ, ఇవే. ఈసారీ మొదలైంది డబ్బుతోనే. మన పాఠకురాలైన ఒక సోదరి ఉత్తరం రాశారు. ఊరు పేరు రాయవద్దన్నారు, రాయను. "మా వారు తాగుడు మానడానికి ఆస్పత్రిలో చేరి, చికిత్స పూర్తి చేసుకుని ఇంటికొచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆయన ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంది. ఇమ్మని ఆయన అడగలేదు. ఇవ్వమంటారా, వద్దంటారా?" అని ఆవిడ ప్రశ్న.

కార్డు ఎవరి పేరున ఉందో వారి దగ్గరే ఉండాలి, పిన్ను ఇంకొకరికి చెప్పకూడదు. బ్యాంకువాడిగా నా జవాబు ఇంతే. కానీ ఆ సోదరి అడిగింది ఇది కాదని మీకూ తెలుసు. ఈ మనిషిని మళ్ళీ ఎప్పుడు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది ఆవిడ బాధ. "ఆయన అడగలేదు" అన్న మాటలో ఇంకో బాధ కూడా ఉంది. తన జీతం తన చేతికిమ్మని అడిగే ముఖం తనకు లేదని ఆయన అనుకుంటున్నారేమో.

హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా మన తెలుగు కుటుంబాలన్నీ ఒకరికొకరు ఎరిగినవే. ఉగాదికీ, కార్తీక వనభోజనాలకూ, పెళ్ళిళ్ళకూ కలిసేది ఆ నలుగురే. అందుచేత ఇంట్లో ఒకరికి తాగుడు ఉందంటే బయటికి పొక్కనివ్వం. పిల్లల సంబంధాలు చెడతాయని భయం. చికిత్సకు వెళ్ళినా "ట్రైనింగుకి వెళ్ళారండీ" అని చెబుతాం. పైగా "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న సామెత ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. నిజమే, తొక్కకుండా ఉంటే బాగుండేది. కానీ తొక్కినవాడు కాలు కడుక్కుంటానని నూతి దగ్గరికి వస్తే చేద దాచేస్తామా?

కాలు కడుక్కోవడానికి వచ్చేవాళ్ళు ఎంత తక్కువో ఒక లెక్క చెబుతాను. ఢిల్లీ ఎయిమ్స్ వారు సర్వే చేసి ఇచ్చిన నివేదికను కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసింది. మద్యం వల్ల ఇబ్బందిలో పడి సహాయం అవసరమైనవారు మన దేశంలో 5.7 కోట్లకు పైగా ఉన్నారని అందులో తేలింది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో అయితే 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స దొరికిందని చెప్పారట. కనుక చికిత్స పూర్తి చేసుకుని ఇంటి గడప తొక్కిన మనిషి, తక్కిన 37 మందికీ అందని మెట్టు ఎక్కి వచ్చినవాడు. ఆ సంగతి మనం మరిచిపోతాం. ఆయనా మరిచిపోతారు.

సుమారు ఇరవయ్యేళ్ళ క్రితం ఉత్తర తమిళనాడులో ఒక చిన్న ఊరి శాఖలో నేను ఆఫీసరుగా ఉన్నాను. అక్కడి క్యాషియరు గారు తెలుగువారే. మూడు తరాల క్రితం వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నోట్లు లెక్కపెట్టడంలో ఆయన వేళ్ళ వేగం చూడటానికి కౌంటరు దగ్గర పిల్లలు నిలబడిపోయేవారు. తాగుడు వల్ల సెలవులన్నీ అయిపోయి, జీతంలేని సెలవులు మొదలై, చివరికి చెన్నైలో నెల రోజులు చికిత్స చేయించుకుని వచ్చారు. శాఖలో అందరూ ఆయనను ఆదరంగానే పలకరించారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మేనేజరు గారు "కొన్నాళ్ళు తేలిక పని చూడండి" అని పాత వోచర్లు వరస చూసి కుట్టే పని ఇచ్చారు.

ఒకరోజు టీ తాగుతూ ఆయన నాతో అన్నారు: "సార్, తాగే రోజుల్లో అందరూ తిట్టేవాళ్ళు. ఇప్పుడెవరూ తిట్టడం లేదు. పని కూడా చెప్పడం లేదు. ఇంట్లో పాలు తెమ్మని డబ్బులు మా చిన్నాడి చేతికిస్తారు గాని నాకివ్వరు. మా ఇంట్లో నేను చుట్టంలా ఉన్నాను సార్. చుట్టానికి మర్యాద ఉంటుంది గాని పని ఉండదు."

ఆయన భార్యను తప్పు పట్టడానికీ లేదు. పాలకని ఇచ్చిన డబ్బు ఎటు పోయేదో ఆవిడ పదేళ్ళు చూశారు. మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడతో అన్నారట: "వదినగారూ, నమ్మాలని నాకు మాత్రం ఉండదా? నమ్మీ నమ్మీ నా మెళ్ళో పసుపుతాడు మిగిలింది."

ఇద్దరి మాటా నిజమే. ఆయనకు పని కావాలి. ఆవిడకు భరోసా కావాలి.

పని అంత ముఖ్యమా, తాగకుండా ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు 1935లో అమెరికాలో ఒక షేర్ మార్కెట్ మనిషికి అనుభవం మీద తెలిసింది. న్యూయార్కు వాడైన బిల్ విల్సన్ తాగుడుతో ఉన్నదంతా పోగొట్టుకుని, మానేసి అయిదారు నెలలే అయింది. ఆ మే నెలలో వ్యాపారపు పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బారు. లోపలికి వెళ్ళబోయినవాడు ఆగి, టెలిఫోను దగ్గరికి నడిచి, ఆ ఊళ్ళో తనలాగే తాగుడుతో బాధపడేవారు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. బిల్ ఆయనకు నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నాడు. డాక్టరు గారు జూన్ 10న ఆఖరుసారి తాగారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

ఈ కథలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. బిల్ ఆ రాత్రి వెతికింది తనకు సాయం చేసేవాడి కోసం కాదు, తాను సాయం చెయ్యగలిగినవాడి కోసం. తన అవసరం ఇంకొకరికి ఉందని తెలిసిన రోజున మనిషికి తన మీద తనకు గౌరవం పుడుతుంది.

ఆ సంఘం సమావేశాలు మన చెన్నై, బెంగళూరు, ముంబై, పుణె నగరాల్లోనూ జరుగుతాయి. చందా లేదు. ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. పుణెలో 1986లో డాక్టర్ అనితా అవచట్, ఆమె భర్త, రచయిత అనిల్ అవచట్ నెలకొల్పిన ముక్తాంగణ్ కేంద్రంలో కూడా కోలుకున్నవారు ఎందరో తర్వాత అక్కడే కార్యకర్తలై కొత్తగా వచ్చినవారికి చెయ్యందించారు. కర్ణాటకలో ధర్మస్థల వారు ఊరూరా పెట్టే మద్యవర్జన శిబిరాల్లో పాల్గొన్నవారు తర్వాత నవజీవన సమితులుగా కలుస్తుంటారు. పేర్లు వేరైనా జరిగేది ఒకటే. నిన్న సాయం పుచ్చుకున్నవాడు ఇవాళ సాయం చేస్తున్నాడు.

ఇక మా క్యాషియరు గారి సంగతి. బ్యాంకు ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి క్యాషియరు దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. క్యాషియర్ని దొంగ అనుకుని పెట్టిన ఏర్పాటు కాదిది. రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరినీ కాపాడే ఏర్పాటు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇదొక అవమానమని నాకెప్పుడూ అనిపించలేదు. మూడో నెలలో మేనేజరు గారు ఆయనకు చిరిగిన నోట్లు మార్చే కౌంటరు అప్పగించారు. సాయంత్రం లెక్క నేను సరిచూసి సంతకం పెట్టేవాణ్ణి. ఇంట్లో ఆవిడ ఒక్క పని అప్పగించారు, కరెంటు బిల్లు. డబ్బు ఆయన చేతికే ఇచ్చేవారు. కట్టి, రసీదు తెచ్చి వంటింటి మేకుకు గుచ్చాలి. అంతే.

ఏడో నెలలో ఆయన ఒకసారి జారారు. రెండు రోజులు బ్యాంకుకు రాలేదు. మూడో రోజున ఎవరూ చెప్పకుండానే చెన్నై బస్సెక్కి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి వచ్చారు. ఆ నెల కరెంటు బిల్లు మాత్రం గడువులోగానే కట్టారు. ఆవిడ ఆ రసీదు చూసి ఏమీ అనలేదట. మరుసటి నెల బిల్లుతో పాటు పాలవాడి లెక్క కూడా ఆయనకే అప్పగించారు.

నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ అందరికీ తెలిసిందే. ఒక నెల వాయిదా తప్పితే చిన్న జరిమానా ఉంటుంది. అంతవరకూ కట్టినదంతా రద్దు కాదు. ఈ జబ్బులో మళ్ళీ జారడం అరుదు కాదని డాక్టర్లు చెబుతారు. జారినరోజున "అంతా బూడిదలో పోసిన పన్నీరే" అనకండి. ఆరు నెలలు నిలబడిన మనిషి ఆరు నెలలూ నిలబడ్డట్టే. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

సోదరికి నా సలహా ఇది. కార్డు ఆయనకు ఇచ్చెయ్యండి. ఇచ్చేముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. జీతం పడిన రోజునే ఇంటి ఖర్చుకు కావలసిన మొత్తం మీ ఖాతాకు దానంతటదే వచ్చేలా బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వవచ్చు. కార్డు మీద రోజుకింత అని పరిమితి పెట్టుకునే వీలు ఇప్పుడు ఖాతాదారుకే ఉంది. ఆ పరిమితి ఎంతో ఆయనే నిర్ణయించి ఆయనే పెట్టుకోనివ్వండి. అది రెండో తాళంచెవి. ఒక బిల్లు, ఒక బాధ్యత పూర్తిగా ఆయనకు వదలండి. రోజూ వెనకాల నిలబడి చూడకండి, నెలాఖరున రసీదు చూడండి. ఇల్లు తాకట్టులో ఉన్నా, చేబదుళ్ళు ఉన్నా దాచకుండా ఒక కాగితం మీద రాసుకోండి. తీర్చే అప్పు కళ్ళముందు తగ్గుతుంటే మనిషికి ధైర్యం వస్తుంది.

మీ సంగతి కూడా మరిచిపోకండి. ఇన్నేళ్ళూ భయపడింది మీరు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు మద్యవ్యసనం వల్ల భర్తను పోగొట్టుకుని, ఆయన పేరిట 1980లో టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ స్థాపించారు. అక్కడ చికిత్సలో కుటుంబ సభ్యులకూ ప్రత్యేకంగా కార్యక్రమం ఉంది. ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది. తాగేవారి భార్యలకూ, తల్లులకూ, పిల్లలకూ 1951లో మొదలైన అల్-అనాన్ అనే సంఘం వేరే ఉంది. అక్కడ చెప్పుకున్న మాట బయటికి రాదు.

ఇంకా చికిత్సకు వెళ్ళని ఇళ్ళకు ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవారు డాక్టరు లేకుండా ఉన్నట్టుండి మానేస్తే వణుకు, మూర్ఛలు, మతి తప్పడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. గదిలో పెట్టి తాళం వేసే పనులు చెయ్యకండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో మానసిక వైద్యులు చూస్తారు. ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి ఈ చికిత్స వర్తించదు కనుక ఖర్చు లెక్క వేసుకునే ముందు పాలసీ కాగితాలు చదువుకోండి. ఆఫీసులో తమిళం, బజారులో కన్నడం మాట్లాడే మనిషికి కూడా దుఃఖం వచ్చేది తెలుగులోనే. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు వ్యసనాల కోసం ప్రభుత్వం వారి నంబరు 14446. రెండింటికీ డబ్బు కట్టనక్కరలేదు.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక విన్నపం. తాగుడు మానినవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పకండి. ఆ శాలువా మొయ్యలేని బరువవుతుంది. వాళ్ళు వచ్చినప్పుడు మాట తగ్గించి గుసగుసలూ పోకండి. వచ్చే ఉగాదికి పనులు పంచుకునేటప్పుడు "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అనవద్దు. "భోజనాల దగ్గర కూపన్ల లెక్క మీరూ నేనూ చూద్దాం, తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి" అనండి. ఆలస్యమైతే ఫోన్ చేసి, ఇంకా రాలేదేమండీ అని కోప్పడండి. మనవాళ్ళ మీదనేగా మనం కోప్పడేది!