సర్వరుకు ఏ లైనక్సు?

శ్రీనివాసపురంలో మామిడితోట వేయదలచిన వారు అంటుమొక్క ఆకుల నిగనిగ చూసి కొనరు. ఏ చెట్టునుంచి తీసిన అంటు, మన నేలకు తగునా, పదేళ్ల తర్వాత కాపు యెలా వుంటుంది అని అడుగుతారు. మన యిళ్ల పిల్లలు కొందరు బెంగుళూరులో సర్వర్ల ఉద్యోగాలు చేస్తున్నారు గదా! వారికి మేము చెప్పదలచినదీ ఆ మాటే.

1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ పేరు లైనక్సు. దానికి కావలసిన సరంజామా చేర్చి మూటకట్టి యిచ్చేదే డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ అని పేర్లు వేరైనా మూలం ఒకటే. లోపాలు బయటపడినప్పుడు సరిచేసేదెవరు, యెన్నాళ్లు సరిచేస్తారు? అసలు తేడా అక్కడ వుంది.

సెంట్ ఓఎస్ కథే యిందుకు సాక్ష్యం. రెడ్ హ్యాట్ సరుకునే పైసా లేకుండా అందిస్తుందని 2004 నుంచి యెందరో దానిని నమ్ముకున్నారు. 8వ కూర్పుకు 2029 దాకా ఆయుర్దాయం వున్నదనుకున్నారు. 2020 డిసెంబరులో, 2021 ఆఖరుతో సరి అన్న ప్రకటన వచ్చింది. నమ్మినవారు యేడాదిలో యిల్లు మారవలసి వచ్చింది. ఆల్మా, రాకీ అనే రెండు 2021లోనే పుట్టి వారిని ఆదుకున్నాయి.

అయితే ఉచితమైనదల్లా నమ్మరానిదని కాదు. డెబియన్ ఉచితమే, 1993లో మొదలైన దానిని స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నారు, అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఒక్కొక్క కూర్పుకు సుమారు 5 యేళ్ల రక్షణ వుంటుంది. ఉబుంటు దీర్ఘకాలపు కూర్పు రెండేళ్లకొకటి వస్తుంది. దానికీ మామూలుగా 5 యేళ్లే. రెడ్ హ్యాట్‌కు 10 యేళ్లు, కాని చందా కట్టాలి. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి కావాలనుకునే ఆసుపత్రికి, బ్యాంకుకు ఆ చందా దండుగ కాదు. నిత్యం కొత్తదనం తెచ్చే ఆర్చ్ వంటివి యింట్లో నేర్చుకోవడానికి మంచివి. జీతాల పట్టీలు, మండీ లెక్కలు వాటికి అప్పగించడం సాహసమే.

కనుక మూడు ప్రశ్నలు వేసుకోండి. గడువు యెప్పటిదాకా? దీని వెనుక వున్నదెవరు? మన దగ్గర పనిచేసేవారికి ఏది బాగా తెలుసు? జవాబు కుదిరినదే మీకు తగినది. తర్వాత గడువు తేదీని గోడ క్యాలెండరు మీద వ్రాసి, యేడాది ముందే మార్పిడికి పూనుకోండి. లెక్కల నకలు మాత్రం వేరొక చోట ఎప్పుడూ వుంచండి. ఏ డిస్ట్రిబ్యూషన్ అయినా ఆ పని మీకు తప్పించలేదు.