వాగులో పడిన మాను

వాగులో చెట్టు పడిందంటే మనవాళ్ళు ముందు గొడ్డలి వెతుకుతారు. వంటచెరకు దొరుకుతుంది, వాగూ శుభ్రపడుతుంది. ఇందులో తప్పేమున్నదని పాఠకులు అడగవచ్చు. చేపల పక్షాన రెండు మాటలు ఈ నెల మేము మనవి చేస్తాము.

అమెరికాకు పడమటి తీరాన ఆరిగన్, వాషింగ్టన్ అనే రాష్ట్రాలున్నాయి. అక్కడి కొండవాగుల్లో పుట్టిన సాల్మన్ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన వాగుకే ఎదురీదుతూ వస్తుంది. దానికి దారి ఇవ్వాలనే సదుద్దేశంతోనే 1950ల నుంచి 1970ల దాకా అక్కడి చేపల శాఖలవారు వాగుల్లోని దుంగలను తీయించివేశారు. అడవి నరికినవారు వదిలిన చెత్త కొన్నిచోట్ల నిజంగానే దారికి అడ్డుపడింది. కాని దానితోపాటు మంచి దుంగలూ పోయాయి.

దుంగ ఏం చేస్తుందో చూడండి. పారే నీరు దానిని కొట్టి కిందికి దూకి అడుగును తవ్వుతుంది. అక్కడ మడుగు ఏర్పడుతుంది. ఎగువన వేగం తగ్గి గులకరాళ్ళు నిలుస్తాయి. ఆ రాళ్ళలోనే తల్లిచేప తోకతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. కోహో అనే జాతి పిల్లలు పుట్టాక ఏడాదిపాటు వాగులోనే ఉంటాయి. చలికాలపు వరదలో వేలెడంత పిల్ల ఎక్కడ తలదాచుకోవాలి? దుంగ చాటునే. కొంగకూ లకుముకిపిట్టకూ చిక్కకుండా ఉండేదీ అక్కడే. (గాలం వేసే పాఠకులకు ఇది కొత్త కాదు. కొక్కెం చిక్కుకునేచోటే చేప ఉంటుందని వారికి తెలుసు.) గుడ్లు పెట్టి చచ్చిపోయిన తల్లుల కళేబరాలు కూడా దుంగలకు తట్టుకుని ఆగుతాయి. వాటిని పురుగులు తింటాయి, పురుగులను పిల్లలు తింటాయి. తల్లి పోయాక కూడా బిడ్డకు తిండి పెడుతున్నదన్న మాట!

1980ల నాటికి శాస్త్రజ్ఞులు ఈ సంగతి గట్టిగా చెప్పారు. తీయించినవారే తిరిగి వేయించడం మొదలుపెట్టారు. మాను వాగు వెడల్పుకంటె పొడవుగా ఉండాలట. వేళ్ళ మోడుతో సహా ఉంటే మరీ మంచిది, వరద సులువుగా కదిలించలేదు. లారీ పోలేనిచోటికి హెలికాప్టరుకు వేలాడదీసి తీసుకుపోతారు. ఒడ్డుకు లాగిన కూలికంటె గగనమార్గాన తెచ్చిన కూలి ఎంత ఎక్కువో మేము చెప్పనక్కరలేదు. ఒడ్డున పెద్ద చెట్లు మిగలనిచోట ఇంకో దారి లేదు. ఇవాళ నాటిన మొక్క ముదిరి, వాగుకు అడ్డంగా పడేంత మాను కావడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది.

వంతెనల కింద పేరుకున్న దుంగలను మాత్రం అక్కడ ఇప్పటికీ తీసివేస్తారు. ఇళ్ళకూ దారులకూ ముప్పు లేనిచోట, పడిన చెట్టును పడినచోటే ఉండనిస్తున్నారు.