కత్తి బాగుంది, కొట్లాట ఏది?

ముందే చెప్పేస్తున్నా, ఇది పవన్ కల్యాణ్ మీద రాసింది కాదు, ఓజీ మీద రాసింది. మన కాలేజీలో ఈ రెండింటికీ తేడా ముందే చెప్పుకోకపోతే క్యాంటీన్‌లో టీ కూడా ప్రశాంతంగా తాగనివ్వరు. పైగా ఆయన పుట్టింది బాపట్లలో. వేటపాలెంలో రైలెక్కితే చీరాల దాటాక వచ్చే ఊరు. అందుకే ఇక్కడ సగం మందికి ఆయన హీరో మాత్రమే కాదు, మనోడు. మనోడి సినిమాని మనం కాకపోతే ఎవరు సరిగ్గా తిడతారు చెప్పండి?

నచ్చినవి మొదట రాస్తా, ఎందుకంటే నిజంగానే నచ్చాయి. 2025 సెప్టెంబర్ 25న రిలీజైన ఈ సినిమాని సుజీత్ డైరెక్ట్ చేశాడు. రన్ రాజా రన్ (2014), సాహో (2019) తర్వాత ఇది అతని మూడో తెలుగు సినిమా. మనిషికి ఫ్రేమ్ పెట్టడం వచ్చు. రవి కె. చంద్రన్, మనోజ్ పరమహంస కెమెరా, తమన్ సౌండ్, ఆ ఎరుపు, ఆ నలుపు, ఆ వాన. ఏ సెకనులో పాజ్ చేసినా వాల్‌పేపర్‌కి పనికొస్తుంది. మన తెలుగు కమర్షియల్ సినిమాలో కలర్‌ని ఇంత పద్ధతిగా వాడినవి తక్కువే.

ఇంకో తెలివైన పని కూడా చేశాడు. సినిమా పేరు చూడండి: దే కాల్ హిమ్ ఓజీ. అంటే వాళ్ళు అతన్ని అలా పిలుస్తారు. హీరో తన గురించి తాను చెప్పుకోడు, వేరేవాళ్ళు చెబుతారు. ఒకడు పేరు పలకడానికి భయపడతాడు, ఇంకొకడు పాత సంగతి గుర్తుచేసుకుని వణుకుతాడు. ఓజస్ గంభీర తెర మీదికి రాకముందే మన బుర్రలో తయారైపోతాడు. మా అమ్మమ్మ వాళ్ళు చిన్నప్పుడు దొంగల కథలు చెప్పే పద్ధతే ఇది, చూడని మనిషే ఎక్కువ భయపెడతాడు. థియేటర్లో ఆయన కత్తి ఒరలోంచి సగం బయటికి తీసేసరికి నేను కూడా అరిచా. గొంతు రెండు రోజులు రాలేదు. కాబట్టి నన్ను యాంటీ ఫ్యాన్ లిస్టులో వేయకండి.

ఇప్పుడు అసలు విషయం. కత్తి బయటికి వచ్చాక ఏం జరిగింది?

సీరియస్‌గా అడుగుతున్నా. ఓజీలో మీకు బాగా నచ్చిన ఫైట్ ఒకటి తీసుకోండి. అందులో ఎవడు ఎటునుంచి వచ్చాడు, గంభీర ఎలా తప్పించుకున్నాడు, ఎక్కడ అడుగు వేశాడు, ఏ కోణంలో కొట్టాడు, గుర్తున్నంత చెప్పండి. మా హాస్టల్ రూమ్‌లో ఆరుగురిని అడిగా. ఆరుగురూ బీజీఎమ్ పాడి వినిపించారు. లుక్ చెప్పారు, డైలాగ్ చెప్పారు, వాన చెప్పారు. కొట్లాట ఒక్కడూ చెప్పలేకపోయాడు. తప్పు వాళ్ళది కాదు. సినిమా చూపిస్తే కదా గుర్తుండడానికి. కత్తి లేస్తుంది, కట్. రక్తం ఎగురుతుంది, కట్. ఆయన మొహం, స్లో మోషన్, వెనకాల పదిమంది పడిపోయి ఉంటారు. మధ్యలో జరగాల్సినది మనమే ఊహించుకోవాలి.

ఎడిటింగ్ ఫాస్ట్‌గా ఉండటం నాకు సమస్య కాదు. ఫాస్ట్‌గా ఉన్నా అర్థమయ్యే ఫైట్లు బోలెడు. జాకీ చాన్ సినిమాల్లో దెబ్బ కొట్టడం, ఆ దెబ్బ తగలడం ఒకే ఫ్రేమ్‌లో కనపడతాయి, అందుకే మనకి నొప్పి తెలుస్తుంది. ఇక్కడ కొట్టడం ఒక షాట్‌లో, తగలడం ఇంకో షాట్‌లో. రెండింటి మధ్య ఉన్న లింక్‌ని మ్యూజిక్ మోస్తోంది. తమన్‌కి రెండు జీతాలు ఇవ్వాలి.

మా తాత మగ్గం నేశాడు. వేటపాలెం, చీరాల వైపు చాలా ఇళ్ళల్లో ఉన్న సంగతే. చీర కొనడానికి వచ్చినవాళ్ళల్లో నేత తెలిసినవాళ్ళు ముందు చీరని వెనక్కి తిప్పి చూస్తారని చెప్పేవాడు. ముందువైపు ఎవరైనా మెరిపించగలరు. ఓజీ ఫైట్లని నేను అలా తిప్పి చూశా, అంటే ఓటీటీలో సౌండ్ మ్యూట్ చేసి. మీరూ ఒకసారి చేయండి. హెచ్చరిక: మీ ఫ్యాన్ ఫ్రెండ్ పక్కన లేనప్పుడు చేయండి.

సామురాయ్ సినిమా అన్నారు కాబట్టి సామురాయ్‌ల దగ్గరికే వెళ్దాం. అకిరా కురొసావా తీసిన సంజురో అనే సినిమా ఉంది, 1962ది. బ్లాక్ అండ్ వైట్. చివర్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, తొషిరో మిఫునే, తత్సుయా నకాదాయ్. నిలబడతారు అంటే నిజంగా నిలబడతారు, కదలరు. మ్యూజిక్ లేదు. ఫోన్ హ్యాంగ్ అయిందేమో అని నేను స్క్రీన్ ముట్టుకున్నా. ఆ తర్వాత ఒక్క వేటు, అయిపోయింది. రక్తం చిమ్ముకొస్తుంది, ఒకడు పడిపోతాడు. నాకు ఊపిరి ఆడలేదు.

అక్కడ ఆగడం దెబ్బకి ముందు ఉంది. ఓజీలో ఆగడం దెబ్బ తర్వాత ఉంది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ మొత్తం అదే. ముందు ఆగితే ఎవడు చస్తాడో అని భయం వేస్తుంది. తర్వాత ఆగితే హీరోని చూసుకోవడానికి టైమ్ దొరుకుతుంది. మొదటిది కొట్లాట, రెండోది ఫొటో సెషన్. జపాన్ కత్తి, జపాన్ గురువులు, జపాన్ మాటలు అన్నీ తెచ్చుకుని, ఆ కత్తి పట్టినవాడికి ముఖ్యమైన ఓపికని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు. మన భాషలో చెప్పాలంటే, జపాన్ అనే మొత్తం లైబ్రరీని ఇంపోర్ట్ చేసి, అందులోంచి స్లో మోషన్ అనే ఒక్క ఫంక్షన్‌ని మాత్రం కాల్ చేశారు. (లైబ్రరీ అంటే సారస్వత నికేతనం కాదు, ఈసీఈ వాళ్ళకి చెప్తున్నా.)

ఇంకా బాధేంటంటే, ఇది చేతకాని హీరోతో తీసిన సినిమా కాదు. పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుసైనీ దగ్గర కరాటే నేర్చుకున్న మనిషి. ఆ గురువుగారు 2025 మార్చిలో, ఈ సినిమా రిలీజ్‌కి ఆరు నెలల ముందు, బ్లడ్ క్యాన్సర్‌తో చనిపోయారు. డూప్ అవసరం లేని రోజుల్లో ఈ హీరో ఏం చేసేవాడో మనకి తమ్ముడు (1999) చెబుతుంది.

తమ్ముడు కథ కొత్తదేం కాదు, హిందీలో 1992లో వచ్చిన జో జీతా వోహీ సికందర్ నుంచి తీసుకున్నదే. అక్కడ సైకిల్ రేసు, ఇక్కడ కిక్ బాక్సింగ్. పి.ఎ. అరుణ్ ప్రసాద్ డైరెక్టర్. ఓజీతో పోలిస్తే ఆ సినిమా లుక్ ఏమీ లేదు, కొన్ని కామెడీ సీన్లు ఇప్పుడు చూడలేం, లైటింగ్ చూస్తే మన కాలేజీ యాన్యువల్ డే గుర్తొస్తుంది. కానీ సుబ్బు అనే ఆ కుర్రాడికి మొదట్లో ఏమీ రాదు. తిరుగుబోతు, అబద్ధాలకోరు. ప్రత్యర్థులు అన్నని కొట్టి ఆస్పత్రి పాలు చేశాక అన్న స్థానంలో రింగ్‌లోకి దిగాలనుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది ట్రైనింగ్. రమణ గోగుల చేసిన ఇంగ్లీష్ పాట వెనకాల వస్తుంటుంది, వేళ్ళ మీంచి కారు పోనిస్తాడు, రాళ్ళు పగలగొట్టించుకుంటాడు. గ్రాఫిక్స్ కాదు. రింగ్‌లో దెబ్బలు తింటాడు, పడతాడు, లేస్తాడు. మనకి సుబ్బు గెలుస్తాడని ముందే తెలుసు. అయినా టెన్షన్ ఎందుకు వస్తుంది? ఎదుటివాడు కూడా కొడుతున్నాడు కాబట్టి.

గంభీరని ఎవడు కొట్టాడు? ఇమ్రాన్ హష్మీకి ఇది మొదటి తెలుగు సినిమా. ఓమీ భావు అని మంచి పేరు పెట్టారు, మంచి కోట్లు వేశారు. కానీ ఆయన గంభీరని ఒక్కసారైనా నిజంగా ఇబ్బంది పెడతాడని నాకైతే అనిపించలేదు. వీడొస్తే అయిపోతుంది అని విలన్ పక్కవాళ్ళే సినిమా అంతా చెబుతుంటే, వాడు వచ్చాక చూడడానికి ఏం మిగులుతుంది? ఎంటర్ ద డ్రాగన్ (1973)లో బ్రూస్ లీ ఒంటి మీద ఆ గీతలు గుర్తున్నాయా? హాన్ పెట్టుకున్న ఇనప పంజా గీసినవి. ప్రపంచం మొత్తానికి గుర్తున్న బ్రూస్ లీ బొమ్మ అదే, రక్తం కారుతున్న బొమ్మ. ఒంటి మీద గీత పడితే హీరో చిన్నవాడు అయిపోడు.

ఇక్కడే నాకు కోపం తెప్పించిన విషయం ఉంది. హీరో ఒంటికి ఏమీ కాకూడదు అనుకున్నాక, సినిమాకి ఎమోషన్ ఎక్కడినుంచి తెస్తారు? కన్మణి నుంచి. ప్రియాంక మోహన్ పాత్రని చంపేస్తారు. ఆయన శరీరం చెల్లించాల్సిన బిల్లు ఆవిడ చెల్లించింది. బతికున్నంతసేపు ఆవిడకి నవ్వడం, ఎదురుచూడడం తప్ప పెద్దగా పని లేదు. చనిపోవడమే ఆవిడ చేసిన ముఖ్యమైన పని. మా క్లాస్‌లో కరాటే నేర్చుకున్న అమ్మాయి ఒకరు ఉన్నారు. "ఫైట్ చూద్దామని వెళ్తే శవాన్ని చూపించి ఏడవమన్నారు" అంది. దీనికంటే మంచి రివ్యూ నేనెక్కడా చదవలేదు.

దీనికి మా రూమ్మేట్ దగ్గర ఒక సమాధానం ఉంది. "మావా, ఇది మార్షల్ ఆర్ట్స్ సినిమా అని నీకెవడు చెప్పాడు? ఇది ఎలివేషన్ సినిమా. బిర్యానీ హోటల్‌కి వెళ్ళి ఇడ్లీ లేదని గొడవేంటి?" వాదన బాగుంది, ఒప్పుకుంటా. కానీ బోర్డు మీద ఇడ్లీ బొమ్మ వేసింది వాళ్ళే కదా. టీజర్లో కత్తి, పోస్టర్లో కత్తి, జపనీస్ అక్షరాలు. సెప్టెంబర్ 21న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో జరిగిన ఫంక్షన్‌కి డిప్యూటీ సీఎం గారు వానలో గంభీర డ్రెస్‌తో కత్తి పట్టుకుని వచ్చారు. అది చూసి ఆశపడటం నా తప్పా?

ఆశకి రేటు కూడా ఉంది. ఆంధ్రాలో బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలు. తర్వాత పది రోజులు సింగిల్ స్క్రీన్‌లో 125, మల్టీప్లెక్స్‌లో 150 అదనం. ఈ రేట్లకి పర్మిషన్ ఇచ్చింది ప్రభుత్వమే, దొంగచాటుగా అమ్మిన టికెట్లు కావు. మా ఫ్లోర్‌లో ఒకడు ల్యాబ్ రికార్డులకి దాచుకున్న డబ్బుతో వెళ్ళాడు. ఏ సర్టిఫికెట్ సినిమా, ఇంకా పద్దెనిమిది నిండని ఫస్ట్ ఇయర్ తమ్ముళ్ళు గేటు దగ్గర ఏం చెప్పి లోపలికి వెళ్ళారో నేను అడగలేదు. వెయ్యి తీసుకున్నప్పుడు ఒక్కటంటే ఒక్క పూర్తి ఫైట్ ఇవ్వొచ్చు. తలనుంచి కాళ్ళదాకా మనిషి కనపడేలా, ఒక నిమిషం కట్ లేకుండా. నేను అడిగేది అంతే.

మా మామయ్య ఇంటర్‌లో ఉన్నప్పుడు తమ్ముడు చూసి చీరాలలో కరాటే క్లాసులో చేరాడట. నాలుగు నెలలు వెళ్ళాడు, చెయ్యి బెణికింది, మానేశాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కొంచెం ఖాళీ దొరికితే కాలెత్తి చూపిస్తాడు, అత్తయ్య తల పట్టుకుంటుంది. ఓజీ చూసి మా బ్యాచ్‌లో ఎవరూ ఎక్కడా చేరలేదు. మేం ఎడిట్లు చేశాం. ఎడిట్ చేయడం తక్కువ పనేమీ కాదు, రాత్రి మూడింటిదాకా కూర్చుని చేసేవాడికి తెలుస్తుంది ఆ బాధ. నేను చేసిన ఓజీ ఎడిట్ పద్దెనిమిది సెకన్లు. మూడు నిమిషాల ఫైట్‌ని అంతకి కోస్తే ఏమీ పోలేదు, కిక్ అంతే ఉంది. అదే ఉత్సాహంతో తమ్ముడు క్లైమాక్స్ పెట్టుకున్నా. ఎక్కడ కోసినా, వాడు ఎందుకు పడ్డాడో, ఎలా లేచాడో అర్థం కావట్లేదు. రెండు రాత్రులు చూసి ప్రాజెక్ట్ ఫైల్ డిలీట్ చేశా.

ఓజీకి రెండో భాగం వస్తుందంటున్నారు. వస్తే చీరాలలో మొదటి రోజే చూస్తా, మళ్ళీ అరుస్తా, అందులో డౌట్ లేదు. సుజీత్ గారికి నా రిక్వెస్ట్ ఒక్కటే. ఈసారి గంభీర ఎదురుగా కత్తి పట్టడం తెలిసిన ఒక్కణ్ణి నిలబెట్టండి. వందమంది వద్దు, ఒక్కడు చాలు. వాడి చేతిలో గంభీరకి ఒక గాయం తగలాలి, అది తర్వాతి సీన్‌కి మాయం కాకూడదు.