నాచు పోవలెను, నత్త బ్రతుకవలెను



వేసవి ముదిరి కుంటలో నీరు తగ్గగానే నాచు పెరుగును. వల సాగదు, పశువులు మూతి పెట్టవు. అప్పుడు ఎవరో ఒకరు "మైలుతుత్తము వేయండి, రెండు రోజులలో నీరు తేటపడును" అని చెప్పుదురు. వరి మడిలో నాచుకు మైలుతుత్తమును మా శాఖవారే చెప్పుచున్నారు గనుక ఆ మాట నమ్మదగినదిగనే తోచును. కాని మడికి చెప్పిన మందు కుంటకు చెల్లదని నా అభిప్రాయము.

ఏన్కూరు, జూలూరుపాడు, చంద్రుగొండ, ములకలపల్లి ప్రాంతములలో అడవి అంచున చిన్న కుంటలు అనేకము గలవు. అటువంటి కుంట ఒకదానిలో ఒక రైతు మైలుతుత్తపు మూట కట్టి ఈడ్చగా నేను చూచితిని. తెల్లవారునప్పటికి రొయ్యలు గట్టు వెంబడి చచ్చి పడియున్నవి. నత్తలు మూత బిగించుకొని కదలక పడియున్నవి. మూడవ నాటికి కుళ్లిన నాచుతో కుంట కంపు కొట్టినది. నాచు మాత్రము నెల తిరుగకముందే మరల వచ్చినది. ఆ నత్తలు, పీతలు, చిరు రొయ్యలే చుట్టుప్రక్కల కోయ గూడెములలోని పేద ఇండ్లకు డబ్బు పెట్టనక్కరలేని కూర. నష్టపోయినది వారే.

ఇట్లేల జరిగినది? మైలుతుత్తములోని రాగి నాచును చంపును. కాని చేప ఓర్చుకొను మోతాదును సైతము నత్త, రొయ్య ఓర్చుకొనలేవు. వాననీటికి సున్నపు సారము తక్కువ. అట్టి నీటిలో రాగి విషము మరింత తీవ్రముగా పనిచేయును. క్షారత లీటరుకు 50 మిల్లీగ్రాములకు తక్కువగా ఉన్న నీటిలో చేపలకు కూడ అపాయమే. చచ్చిన నాచు కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును. రాగి చీకిపోవునది కాదు. అడుగు మట్టిలో నిలిచిపోవును. ఇంటిలో గాజు తొట్టెలో నత్తలను, రొయ్యలను పెంచువారికి కూడ ఇదే సూత్రము: అవి ఉన్న తొట్టెలో రాగి కలిసిన మందు వేయరాదు.

"నత్తలవలన పశువులకు కార్జపు జలగ వచ్చును గదా, చావనిండు" అని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కొన్ని జాతుల నత్తలు ఆ జలగను మోయును. అయినను దానికి పశువైద్యుని సలహాపై పశువులకు మందు త్రాగించవలెను. బురద అంచులలో మేపుట మానవలెను. అందుకై కుంటనంతయు విషము చేయుట ఎలుకకు వెరచి ఇల్లు తగులబెట్టుకొనుటయే.

నాచు రోగము కాదు, రోగ లక్షణము. నీటిలో నత్రజని, భాస్వరము హెచ్చినందున అది పెరుగును. కావున మొదట మూలమును ఆపవలెను. గట్టుమీద పెంటకుప్పలు వేయరాదు. యూరియా, సూపరు చల్లిన మడి నీటిని కొన్ని దినములు మడిలోనే నిలుపవలెను. పురుగుమందు పంపులను కుంటలో కడుగరాదు. రొయ్యకు అవి రాగికంటె తక్కువ శత్రువులు కావు.

పిదప నాచును చేతితో తీయవలెను. వెదురు గడకు ముళ్లకంప కట్టి, రోజునకు కుంటలో నాలుగవ వంతు మాత్రమే లాగవలెను. లాగిన నాచును నీటి అంచుననే విదిలించి కొంతసేపు ఉంచినచో నత్తలు, రొయ్య పిల్లలు తిరిగి నీరు చేరును. తరువాత దానిని దూరముగా కంపోస్టు గుంటలో వేయవలెను. గట్టున విడిచినచో వానకు సారము మరల కుంటలోనికే దిగును.

గడ్డి చేప, వెండి చేప 1959లో మన దేశమునకు వచ్చినవి. గడ్డి చేప నీటి కలుపును మేయును. వెండి చేప నీటిని పచ్చబరచు సూక్ష్మమైన నాచును వడకట్టి తినును. ఎన్ని వదలవలెనో మత్స్యశాఖవారిని అడిగి వదలుడు.

నీరు కొద్దిగా పచ్చగా ఉండుట మేలే. అది చేపపిల్లకు మేత. మోచేతివరకు చేయి ముంచి చూడుడు. అరచేయి కనపడకున్నచో కుంటకు ఎరువు ఆపుడు. నీటిపై రంగు పూసినట్లు నీలియాకుపచ్చ తెట్టు కట్టినచో అది విషపూరితము కావచ్చును. పశువులను దరి చేరనీయకుడు.

పంచాయతీ కార్యదర్శులకు ఒక మనవి. ఊరుమ్మడి కుంటలో ఏ మందైనను గ్రామసభకు తెలియకుండ, మత్స్యశాఖవారిని అడుగకుండ వేయరాదని తీర్మానము చేయించుడు. ఇందుకు ఖర్చు లేదు. గంప పట్టుకొని కుంటకు వచ్చు ఆడవారు వట్టి చేతులతో పోకుండుటకు ఆ తీర్మానము చాలును.